పెచ్చెరువు కథ పెద్దోళ్ల నోట్లో ఉండగానే రాసుకుందాం

పోస్టు పొడుగు. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి, సగంలో వదిలేయొద్దు.

ఆగస్టు 9 వస్తే మన ఫోన్లన్నీ కొమరం భీమ్, బిర్సా ముండా ఫోటోలతో నిండిపోతాయి. మంచిదే. పెట్టాల్సిందే. కానీ జోడేఘాట్ యాడుందో టక్కున చెప్పే మన పిల్లోళ్లను పెచ్చెరువు యాడుందని అడిగి చూడండి. చానా మంది దిక్కులు చూస్తారు. అది ఆదిలాబాద్‌లో లేదు, జార్ఖండ్‌లో లేదు. మన నంద్యాల జిల్లాలోనే, ఆత్మకూరు పక్క నల్లమల లోపల ఉండాది. చెరువును ఆనుకొని ఉన్న చిన్న చెంచు గూడెం.

శివరాత్రికో ఉగాదికో శ్రీశైలం నడిచిపోయినోళ్లకు ఆ పేరు తెలుసు. వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగితే నాగలూటి వీరభద్రస్వామి గుడి, ఆ తర్వాత పెచ్చెరువు, ఆ తర్వాత భీముని కొలను, కైలాసద్వారం, చివరికి మల్లన్న. కర్ణాటక నుంచి వేలమంది కంబి భుజానేసుకొని, కొందరైతే మరగాళ్లు కట్టుకొని మరీ ఈ దారినే వస్తారు. పెచ్చెరువు దగ్గర ఆగుతారు, అన్నదానంలో తింటారు, నిద్రపోతారు, తెల్లారి పోతారు. ఆ రాత్రి వాళ్లు పండుకున్న నేల ఒక ఊరు అన్న సంగతి మాత్రం ఎక్కువమందికి పట్టదు. దారిలో ఒక మజిలీ, అంతే.

నాకు గట్టిగా అనిపించే మాట ఒకటే. పెచ్చెరువు లాంటి గూడేల చరిత్రను గూడెం పిల్లోళ్లే, గూడెం పెద్దోళ్ల మాటల్లోనే, ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. గొప్ప కోసం కాదు. చట్టం ముందు అది సాక్ష్యం కాబట్టి. ఆ చట్టం సంగతికి తర్వాత వస్తా. ముందు ఊరి సంగతి.

పేరే చూడండి. పెద్ద చెరువు, పెను చెరువు, ఎట్లా విడదీసినా అందులో చెరువు ఉండాది. చుట్టుపక్కల పేర్లు కూడా అంతే. బైర్లూటి, నాగలూటి. ఊట ఉన్నచోటల్లా ఒక గూడెం. ఈ అడవిలో ఊళ్లకు పేర్లు పెట్టినోళ్లు నీళ్లను చూసి పెట్టినారు. ఎండాకాలం నల్లమలలో నీళ్లు యాడ నిలుస్తాయో తెలిసినోడే అక్కడ బతకగలడు. ఆ తెలివి ఒక తరంలో వచ్చేది కాదు.

ఇప్పుడు పుస్తకాల చరిత్ర యాడ మొదలవుతుందో చూడండి. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించినాడని రాసి ఉంటుంది. నిజమే, కట్టించినాడు. ఆ మెట్ల దాకా జనాన్ని ఎవరు చేర్చినారు? పులులు, దొంగలు ఉన్న అడవిలో యాత్రికులకు ముందు నడిచి, కనుమలు కాసి, బదులుగా రుసుము తీసుకున్నోళ్లు చెంచులు. అది అప్పట్లో వాళ్ల హక్కు, ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1839లో కర్నూలు నవాబు పోయి ఇంగ్లీషోళ్లు వచ్చినారు. 1882 మద్రాసు అటవీ చట్టంతో నల్లమల రిజర్వు ఫారెస్టు అయింది. అప్పటిదాకా అడవి చెంచులది, ఆ తర్వాత చెంచులు అడవిలో పర్మిషన్ మీద ఉండేటోళ్లు. ఒక్క కాగితంతో తిరగబడిపోయింది. ఆ తర్వాత దోర్నాల మీదుగా ఘాట్ రోడ్డు వచ్చి బస్సులు తిరగడం మొదలైనాక నడకదారి పండగల దారిగా మిగిలింది. పెచ్చెరువు ఇంకా లోపలికి పోయినట్టయింది.

మన జిల్లాలో పెద్ద పెద్ద నీళ్లున్నాయి. శ్రీశైలం రిజర్వాయరు నిండు మట్టం 885 అడుగులని పదో తరగతి పిల్లోడు కూడా చెబుతాడు, ఎందుకంటే వానాకాలం రోజూ టీవీలో వస్తుంది. వెలుగోడు రిజర్వాయరు దగ్గర దగ్గర 17 టీఎంసీలు. తెలుగుగంగ నీళ్లు యాడికి పోతాయి, మద్రాసుకు ఎన్ని ఇవ్వాలి, అన్నిటికీ లెక్కలుండాయి, ఒప్పందాలుండాయి. 1981లో శ్రీశైలం నీళ్లు ఎక్కినప్పుడు ఇటు కర్నూలు, అటు మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు ఖాళీ అయినాయి. ఇళ్లు కూలగొట్టి పంపించినారు. సంగమేశ్వరం గుడి ఇప్పటికీ ప్రతి ఎండాకాలం నీళ్లలోంచి పైకి తేలుతుంది, మనం పోయి సెల్ఫీలు దిగి వస్తాం. పెద్ద నీళ్లకు ఇంత చరిత్ర రాసినోళ్లు, అడవి మధ్యలో ఉన్న చిన్న చెరువు గురించి నాలుగు లైన్లు రాయలేదు. టీఎంసీల్లో కొలవడానికి వీలుకానంత చిన్నది మరి.

రాసినోళ్లు అసలే లేరని కాదు. థర్స్టన్ అనే ఆయన 1909లో దక్షిణ భారతంలోని కులాలు, తెగల మీద వేసిన సంపుటాల్లో చెంచుల గురించి రాసినాడు. హైమెండార్ఫ్ 1940లో కృష్ణకు అవతల అమ్రాబాద్ కొండల్లో చెంచుల మధ్య ఉండి, 1943లో పుస్తకం వేసినాడు. ఆయన పని వల్లే నైజాం సర్కారు అక్కడ చెంచు రిజర్వు ప్రకటించింది. అంటే, రాత వల్ల నేల మిగిలింది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది. ఇంకోటి, కృష్ణ ఒడ్డులో అవతల అచ్చంపేట పక్క చెంచు పెంటలు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చినాయి. ఇవతల ఒడ్డున మన కర్నూలు, నంద్యాల చెంచు గూడేలు రాలేదు. అదే తెగ, అదే అడవి, అదే ఇంటిపేర్లు. మధ్యలో ఏరు ఒకటి అడ్డం. అందుకే 1/70 చట్టం, పెసా అంటూ తెలంగాణ అన్నలు మాట్లాడేవన్నీ మన పక్క నేరుగా పనికిరావు. మన గ్రూపులో చానామంది ఆ వీడియోలు చూసి మనకూ వర్తిస్తాయనుకుంటున్నారు. వర్తించవు. మనకున్న పెద్ద ఆయుధం 2006 అటవీ హక్కుల చట్టమే.

గూడెం బతుకు గురించి చెప్పకుండా చట్టంలోకి పోతే వట్టి ప్లీడరు నోటీసు అయిపోతుంది. చెంచుల్లో ప్రతి గుంపుకూ తన అడవి తనకుంటుంది. ఈ వాగు నుంచి ఆ గుట్ట దాకా మాది, అవతల మీది అని. రాయి పాతరు, కంచె వేయరు, అయినా అందరికీ తెలుసు. తపసి జిగురు, కుంకుడు, ఇప్పపువ్వు, చింతపండు, తేనె ఏ కాలానికి ఏది అన్నదే వాళ్ల క్యాలెండరు. జీసీసీ డిపోలో తూకం వేసి అమ్ముతారు. కొండ బండల మీద తేనె తీయడం చూసినోళ్లకు తెలుసు, కింద లోయ, పైన తాడు పట్టుకొని ఒకడు, తాడుకు వేలాడుతూ ఒకడు. ఆ తాడు అన్నదమ్ముల చేతికి ఇవ్వరు. పెండ్లాం అన్నదో తమ్ముడిదో చెయ్యి ఉండాలి. ఎందుకంటే బామ్మర్ది తన అక్కాచెల్లెళ్ల తాళి తానే తెంచుకోడు గదా. అన్నదమ్ములను నమ్మరా అని నవ్వుకోవచ్చు. కానీ ప్రాణం ఎవరి చేతిలో పెట్టాలన్న దానికి ఒక సమాజం ఎంత ఆలోచించిందో చూడండి. హైమెండార్ఫ్ కూడా ఇది రాసినాడు.

ఈ బామ్మర్ది, బావ వరస దేవుళ్ల దాకా పోయింది. అల్లగడ్డోళ్లకు చెప్పాల్సిన పనిలేదు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడు, అంటే చెంచులకు అల్లుడు. కనుమ నాడు పారువేట మొదలవుతుంది. చెంచులు పల్లకీ మీదికి బాణాలు ఎక్కుపెడతారు. తర్వాత స్వామి నలభై రోజులకు పైగా, ముప్పైకి పైన ఊళ్లు తిరిగి తన పెండ్లికి తానే పిలుపులు చెప్పుకొని వస్తాడు. ఇటు శ్రీశైలంలోనూ మల్లన్న చెంచు మల్లయ్యే. కన్నడోళ్లు కూడా భ్రమరాంబ మా ఆడబిడ్డ, మల్లన్న మా అల్లుడు అంటూ చీర సారె తెస్తారు, ఈ అల్లుడికి అత్తగారిళ్లు ఎక్కువే. 1958లో వచ్చిన చెంచులక్ష్మి సినిమా మా అవ్వ కాలం వాళ్లకు పాటలతో సహా నోటికి వస్తుంది.

ఇందులో నాకు నచ్చనిది ఒకటుంది. పండగలో చెంచు కావాలి. సినిమాలో చెంచు కావాలి. టూరిజం పోస్టరు మీద విల్లు పట్టుకున్న చెంచు ఫోటో కావాలి. పల్లకీ ముందు బాణం వేసే రెండు నిమిషాలు అందరూ ఫోన్లు ఎత్తుతారు. ఆ పిల్లోడు సాయంత్రం ఏ గూడేనికి పోతాడు, ఆ గూడేనికి పట్టా ఉందా అని అడిగేటోడు లేడు. అల్లుడికి గుడి, మాన్యాలు, మఠం, ఉత్సవం అన్నీ ఉండాయి. అత్తగారింటికి కాగితం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నల్లమల 1978లో అభయారణ్యం అయింది, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. లోపలి గూడేలు కోర్ ఏరియాలో పడినాయి. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలన్నిటికీ ఒక లేఖ రాసింది. దేశం మొత్తం మీద పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాల్లో 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు ఇంకా ఉండాయి, తరలింపు తొందరగా చేయండి అని. కుటుంబానికి ప్యాకేజీ ఒకప్పుడు 10 లక్షలు, 2021 నుంచి 15 లక్షలు. లేఖలో స్వచ్ఛందం అనే ఉంటుంది. గూడెంలోకి వచ్చేసరికి ఆ మాట ఎట్లా మారుతుందో మీకు తెలుసు. కరెంటు రాదు, రోడ్డు రాదు, బడి రాదు, యాభై ఏళ్లు అట్లనే పెట్టి, చివరికి "మీరే పోతామంటున్నారు గదా" అంటారు.

కొందరు తమ్ముళ్లు నాతో వాదించినారు. "అన్నా, పోవడమే మంచిది గదా. పురిటి నొప్పులొస్తే జోలె కట్టి మోసుకురావాలా? పిల్లోళ్లు చదవాలా వద్దా? నువ్వు టౌన్లో కూర్చొని అడవి బతుకు గొప్పదంటావు." ఈ మాటలో న్యాయం ఉంది. కాన్పుకు భయపడే ఆడబిడ్డను, నువ్వు సంస్కృతి కోసం అక్కడే ఉండమ్మా అని చెప్పే హక్కు నాకు లేదు, ఏ నాయకుడికీ లేదు. పోవాలనుకున్న కుటుంబం పోవచ్చు. కానీ రెండు విషయాలు తెలిసి పోవాలి.

ఒకటి. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, చౌకడిపో, కరెంటు లైను, తాగునీరు, రోడ్డు లాంటి 13 రకాల సౌకర్యాలకు అటవీ భూమి ఇవ్వొచ్చు. ఒక్కోదానికి హెక్టారు లోపు, 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసు చేస్తే చాలు. అడవిలో ఉన్నోళ్లకు ఏ సౌకర్యం ఇవ్వడానికీ రూల్సు ఒప్పుకోవు అనే మాట ఈ సెక్షన్‌ను దాచిపెట్టి చెప్పే మాట.

రెండోది ఇంకా ముఖ్యం. వరస. ముందు హక్కులు తేల్చాలి, తర్వాతే తరలింపు మాట ఎత్తాలి. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5) ప్రకారం హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. వన్యప్రాణి చట్టంలో 38వీ కూడా అదే చెబుతుంది, హక్కులు తేలాలి, గ్రామసభ అన్నీ తెలిసి ఒప్పుకోవాలి. నీ దగ్గర ఏముందో నీకే తెలియనప్పుడు దాన్ని 15 లక్షలకు ఇస్తున్నావో, ఊరికే ఇస్తున్నావో ఎట్లా తెలుస్తుంది? ఇంటి వెనక ఎకరానికి ఆర్వోఎఫ్ఆర్ పట్టా ఇచ్చి మీ హక్కులు అయిపోయినాయి అంటే ఒప్పుకోకూడదు. ఆ పట్టా వ్యక్తిది. ఊరి హక్కు వేరే. సెక్షన్ 3(1)లోనే చెరువులో చేప మీద, నీళ్ల మీద, మేత మీద ఊరి హక్కు ఉంది. అడవిని కాపాడుకొని వాడుకునే సామూహిక అటవీ వనరుల హక్కు ఉంది, దానికి ఫారం సి. చెంచులు పీవీటీజీ కాబట్టి వాళ్లకు అదనంగా ఆవాస హక్కు ఉంది. మధ్యప్రదేశ్ డిండోరిలో బైగాలు దేశంలో మొదట అది సాధించినారు. 2023లో ఛత్తీస్‌గఢ్‌లో కమార్లు సాధించినారు. పులుల అడవిలో ఇవన్నీ కుదరవు అనేటోళ్లకు కర్ణాటక బీఆర్‌టీ కొండల సోలిగలను చూపించండి. అది పులుల అభయారణ్యమే. 2011లో వాళ్లకు సామూహిక హక్కులు వచ్చినాయి. ఇక్కడ మాత్రం పులి అడుగులు వెతికే ప్రొటెక్షన్ వాచర్లుగా చెంచులే కావాలి, అదే పులి పేరు చెప్పి చెంచులే పోవాలి.

ఇప్పుడు చరిత్ర ఎందుకు రాయాలన్న దానికి వస్తా. ఆ చట్టం రూల్సులో 13వ రూలు ఉంది. ఏది రుజువు అన్నది అందులో ఉంటుంది. ప్రభుత్వ కాగితాలతో పాటు బావులు, శ్మశానాలు, దేవుడి స్థలాలు రుజువే. హక్కు అడిగేటోళ్లు కాకుండా ఊరి పెద్దలు చెప్పిన మాట రాతలో పెడితే అదీ రుజువే. ఇట్లాంటివి ఒకటికి మించి చూపించాలి. ఫలానా కాగితమే తేవాలని పట్టుబట్టకూడదని 2012లో రూల్సు మార్చినప్పుడు స్పష్టంగా చెప్పినారు. 75 ఏళ్ల రుజువు కావాలని ఎవరైనా అంటే, అది ఎస్టీలకు కాదు, ఇతర అటవీ నివాసులకు. మనకు 2005 డిసెంబరు 13 నాటికి అక్కడ ఉంటే చాలు.

అంటే, పెచ్చెరువులో ఒక అవ్వ కట్ట మీద కూర్చొని "మా మామను అదిగో ఆ చింత కింద పూడ్చినాం" అంటే అది ముచ్చట కాదు, సాక్ష్యం. ఆ అవ్వ పోతే సాక్ష్యం పోతుంది. జెరాక్సు ఉండదు.

మన గ్రూపులో సుగాలి, ఎరుకల, యానాది పిల్లలం ఎక్కువ, చెంచు పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఉమ్మడి రాష్ట్రంలో 2011 లెక్కల ప్రకారం చెంచులు 64 వేల పైచిలుకు. రిజర్వేషన్ సీట్లలో, ఉద్యోగాల్లో వాళ్ల వాటా ఎంతో మనందరికీ తెలుసు, మాట్లాడుకోం. కనీసం ఈ పనిలోనైనా వాళ్లు ముందుండాలి. పెన్ను చెంచు పిల్లోళ్ల చేతిలో ఉండాలి, మిగతావాళ్లం ఫోను పట్టుకుంటాం, టైపు చేస్తాం, అర్జీలు మోస్తాం.

రాసేటప్పుడు కథ కథగా రాయండి, పెద్దోళ్ల మాటను పుస్తక భాషలోకి మార్చొద్దు. చెరువు కట్ట ఎవరి కాలందని చెబుతారు, ఎప్పుడన్నా తెగిందా, ఎవరు పూడ్చినారు. ఏ కరువులో ఎండింది, అప్పుడు నీళ్లకు యాడికి పోయినారు. చేపలు ఎవరు పడతారు, పంచుకునేది ఎట్లా. లింగమయ్య రాయి యాడుంది, గారెల మైసమ్మకు ఎప్పుడు పెట్టుకుంటారు. ఎవరి తాత ఏ చెట్టు కింద ఉన్నాడు. వాగులకు, గుట్టలకు, మడుగులకు వాళ్లు పిలిచే పేర్లన్నీ రాయండి, అటవీ శాఖ మ్యాపులో ఉన్న పేర్లు కాదు. ఏ ఏటి నుంచి ఏ గుట్ట దాకా తమ అడవి అన్నది ముగ్గురు వేర్వేరుగా చెబితే ముగ్గురివీ రాయండి, కొట్టివేయొద్దు. ఆడోళ్లను తప్పకుండా అడగండి. గడ్డలు, ఆకుకూరలు, మందుమొక్కలు యాడ దొరుకుతాయో వాళ్లకే తెలుసు. పైగా గ్రామసభలో సగం మంది హాజరుండాలి, వచ్చినోళ్లలో మూడో వంతు ఆడోళ్లు ఉండాలి, లేకపోతే తీర్మానం చెల్లదు. మగోళ్లు నలుగురు సంతకాలు పెట్టి తెచ్చే కాగితం చిత్తుకాగితమే.

ఒక జాగ్రత్త. తేనె బండలు, మందుమొక్కల చోట్లు, దేవుడి స్థలాల లొకేషన్లు ఈ గ్రూపులో గానీ యూట్యూబులో గానీ పెట్టొద్దు. అవి గ్రామసభ పుస్తకంలో ఉండాలి, అంతవరకే. వ్యూస్ కోసం పెట్టిన వీడియో చూసి రేపు ఎవడో బండి కట్టుకొని వస్తాడు. అవ్వాతాతల ఫోటో తీసేముందు అడగండి, వద్దంటే తీయొద్దు.

నోట్‌బుక్కులు రెండు రాయండి. ఒకటి గూడెంలోనే ఉండాలి. రెండోదాని కాపీ అటవీ హక్కుల కమిటీ అర్జీతో పాటు ఆత్మకూరు సబ్ డివిజన్ కమిటీకి పోవాలి, రశీదు తీసుకోవాలి. శ్రీశైలం ఐటీడీఏకు ఒక కాపీ. రశీదు లేకుండా ఏ కాగితమూ ఇవ్వొద్దు, ఎంత తెలిసిన సారైనా సరే.

అల్లగడ్డ, రుద్రవరం పక్క గూడేలున్న తమ్ముళ్లు పెచ్చెరువు దూరమని అనుకోవద్దు. ఇదే పని మీ గూడేల్లో మొదలుపెట్టండి. పారువేట పల్లకీ ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోతుందో, యాడ చెంచులకు ఏ మర్యాద ఇస్తారో అదంతా రాయండి. తరాలుగా ఫలానా చోట మీ పెద్దలున్నారని మీ మాటకు తోడు నిలబడే ఆనవాలు అది. మెట్లు కట్టించిన రాజు పేరు మిగిలినప్పుడు బాణం వేసినోడి ఇంటిపేరు ఎందుకు మిగలకూడదు?

నాగలూటి, పెచ్చెరువు, బైర్లూటి పక్క చుట్టాలున్నోళ్లు, అక్కడి పెద్దోళ్లు ఎవరి మాట వింటారో తెలిసినోళ్లు నాకు మెసేజ్ పెట్టండి. గూడెం పెద్ద ఒప్పుకున్నాకే పోదాం. శివరాత్రి గుంపులో పోతే అడవి దారి తెరిచి ఉంటుంది గానీ ఆ రద్దీలో ఎవరూ కూర్చొని మాట్లాడలేరు. అందుకని దానికి ముందే, ఇద్దరు చెంచు పిల్లోళ్లు ముందుండి, మనం వెనక. పోయేటోళ్లు ఎవరి సద్ది వాళ్లు కట్టుకొని రండి, గూడెం మీద బరువు పడకూడదు.